మొదటి మెటల్ డిటెక్టరుకు లోతు కొలమానం కాదు

ఇంగ్లండులో ఉంటున్న తెలుగువాళ్ళలో మెటల్ డిటెక్టింగును అభిరుచిగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ మిషను ఎక్కువ లోతు చూపిస్తుంది?" ప్రశ్న సహజమైనదే. ప్రకటనలూ యూట్యూబ్ వీడియోలూ లోతు చుట్టూనే తిరుగుతాయి. పైగా భూమిలో ఉన్నదాన్ని కనిపెట్టే పరికరం కాబట్టి ఎంత లోతు చూస్తే అంత మంచిదని ఎవరికైనా తోస్తుంది. అయినా సఫోక్ పొలాల్లో కొన్నేళ్ళుగా ఈ పరికరం పట్టుకుని తిరుగుతున్న నా అభిప్రాయం వేరు. మొదటి డిటెక్టరును లోతు చూసి కొనకూడదు. మనం నడవబోయే నేల ఏమిటి, అక్కడ వెతకడానికి మనకు అనుమతి ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత ఆ నేలకు తగినది, పూటంతా చేతితో ఊపగలిగినంత తేలికైనది, శబ్దం స్పష్టంగా ఉన్నది ఒక మధ్యస్థ ధర మిషను తీసుకుంటే చాలు.

లోతు సంగతి ఎందుకు అంత కఠినమో అర్థం కావాలంటే ఈ పరికరం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. పరికరం కొసన పళ్ళెంలా ఉండే కాయిల్‌లో పారే ఏకాంతర విద్యుత్తు చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం నేలలోని లోహాన్ని చేరినప్పుడు లోహంలో సుడి ప్రవాహాలు లేస్తాయి. అవి తమ వంతుగా మరో బలహీన క్షేత్రాన్ని సృష్టిస్తాయి, దాన్ని కాయిల్‌లోని రెండో తీగచుట్ట పట్టుకుంటుంది. వెళ్ళేటప్పుడు క్షేత్రబలం దూరం పెరిగేకొద్దీ సుమారుగా దూరపు ఘనం లెక్కన పడిపోతుంది, తిరిగి వచ్చేటప్పుడూ అలాగే పడిపోతుంది. రెండూ కలిస్తే నాణెం లాంటి చిన్న వస్తువు నుంచి వచ్చే సిగ్నల్ దూరపు ఆరో ఘాతం లెక్కన తగ్గుతుంది. అదే నాణెం రెట్టింపు లోతులో ఉంటే సిగ్నల్ 64వ వంతే మిగులుతుందన్నమాట. అందుకే రెండు వందల పౌండ్ల మిషనుకూ వెయ్యి పౌండ్లు దాటిన మిషనుకూ మధ్య నాణెం విషయంలో ఉండే తేడా కొన్ని సెంటీమీటర్లే. మామూలు నేలలో చిన్న నాణేన్ని 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతులో స్పష్టంగా చెప్పగలిగితే అది మంచి మిషనే. కుండెడు నాణేలో పెద్ద పళ్ళెమో అయితే ఇంకా లోతు నుంచి కూడా పలుకుతుంది, కానీ అలాంటివి ఎదురవుతాయని మిషను కొనేవాళ్ళకు ఈ అభిరుచి ఎక్కువ కాలం నిలవదు.

ఈ ఇబ్బంది పరికరం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1881లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన ఒంట్లోని తూటాను కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి పరికరంతోనే ప్రయత్నించి విఫలమయ్యాడు. మంచం స్ప్రింగుల లోహం అడ్డుపడిందని, డాక్టర్లు తూటా ఉందనుకుని వెతికించిన వైపు అది లేదని తర్వాత చెప్పుకున్నారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళను నేటికీ వేధించేవి ఆ రెండే: చుట్టూ ఉన్న అనవసరపు లోహం, తప్పు చోట వెతకడం.

లోతు వద్దనడానికి నాకు అంతకన్నా బలమైన కారణం ఇంకొకటి ఉంది. ఇంగ్లండు, వేల్స్ దేశాల్లో బాధ్యతగా డిటెక్టింగ్ చేయడానికి పురావస్తు సంస్థలూ డిటెక్టరిస్టుల సంఘాలూ కలిసి ఒప్పుకున్న నియమావళి ఒకటుంది. వీలైనంతవరకు ఇప్పటికే దున్నిన నేలలోనే పని చేయమని, దున్నిన లోతును దాటి తవ్వవద్దని అది చెబుతుంది. నాగలి ఏటేటా తిరగేసే పై మట్టిలో వస్తువు తన అసలు చోటును ఎప్పుడో కోల్పోయింది. దాన్ని తీసి, దొరికిన చోటు గుర్తించి నమోదు చేస్తే చరిత్రకు లాభమే తప్ప నష్టం లేదు. నాగలి అందని పొరలో ఉన్న వస్తువు సంగతి వేరు. దాని పక్కన ఏముంది, ఏ మట్టి పొరలో ఉంది, ఏ గుంటలో పెట్టారు అన్న సమాచారమంతా అక్కడే చెక్కుచెదరకుండా ఉంటుంది. మనం చిన్న పారతో నిలువునా తవ్వి వస్తువును పైకి లాగితే ఆ సమాచారం శాశ్వతంగా పోతుంది, తిరిగి ఎవరూ తెచ్చి పెట్టలేరు. కాబట్టి దున్నిన మట్టి మందమే మనకు హద్దు అయినప్పుడు, ఆ హద్దుకు అవతల ఉన్నదాన్ని చూపించే సామర్థ్యం కోసం అదనంగా వందల పౌండ్లు ఎందుకు పోయాలి?

1992 నవంబరులో సఫోక్‌లోని హాక్స్‌న్ గ్రామం దగ్గర ఎరిక్ లాస్ అనే విశ్రాంత తోటమాలి, పొలంలో పోయిన ఒక సుత్తిని వెతకడానికి డిటెక్టరుతో వెళ్ళి, రోమన్ కాలపు నిధిని కనుగొన్నాడు. కొన్ని వస్తువులు బయటపడగానే పెద్దదేదో ఉందని గ్రహించి, మిగతాది తానే తవ్వేయకుండా కబురు పెట్టాడు. మర్నాడు పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి పద్ధతి ప్రకారం తవ్వారు. దాదాపు పదిహేను వేల నాణేలు, బంగారు నగలు, వెండి సామాను ఏ వరుసలో ఏ పెట్టెలో సర్దారో కూడా తెలుసుకోగలిగారంటే కారణం ఆయన అక్కడ ఆగడమే. 2015లో హెర్ఫర్డ్‌షైర్‌లో వైకింగ్ కాలపు నిధి దొరికిన ఇద్దరు దీనికి పూర్తిగా విరుద్ధంగా చేశారు. దాన్ని ప్రకటించకుండా అమ్ముకోజూశారు, 2019లో దీర్ఘకాలపు జైలు శిక్షలు పడ్డాయి. సుమారు మూడు వందలుగా అంచనా వేసిన నాణేలలో ముప్పై ఒకటి మాత్రమే అప్పటికి తిరిగి దొరికాయి. ఆ రెండు సందర్భాల్లోనూ డిటెక్టర్లు తమ పని తాము చేశాయి. తేడా అంతా వాటిని పట్టుకున్న మనుషుల్లోనే ఉంది.

అందుకే మిషను కంటే ముందు అనుమతి సంపాదించాలని నేను పట్టుబడతాను. పొలం యజమాని ఒప్పుకోవాలి, కౌలురైతు ఉంటే ఆయన కూడా ఒప్పుకోవాలి, దొరికినవాటిలో ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. రక్షిత స్మారక స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టరు వాడటమే 1979 చట్టం ప్రకారం నేరం. 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం నిధి అని తోచినదాన్ని 14 రోజుల్లోగా కొరోనరుకు, అంటే నిధి కేసులను విచారించే అధికారికి, తెలియజేయాలి. చట్టం పరిధిలోకి రానివాటిని కూడా బ్రిటిష్ మ్యూజియం నడిపే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ తరపున ప్రతి ప్రాంతంలో ఉండే అధికారికి చూపించి నమోదు చేయించవచ్చు. స్కాట్లాండులో పద్ధతి వేరు, ఉత్తర ఐర్లాండులో పురావస్తువుల కోసం తవ్వాలంటే లైసెన్సు కావాలి, ఐర్లాండ్ రిపబ్లిక్ ఇంకా కఠినం. అమెరికాలో ఉన్నవాళ్ళు జాతీయ పార్కులలో డిటెక్టరుతో తిరగరాదని తెలుసుకోవాలి. ఊరు మారితే నియమం మారుతుంది కాబట్టి, డబ్బు ఖర్చు పెట్టకముందే మీరు ఉండే చోటి నియమం చదవండి.

అనుమతి దొరికిందంటే నేల ఏమిటో తెలిసినట్టే, మిషను ఎంపిక అక్కడి నుంచి సులువవుతుంది. లోపలి ప్రాంతపు పొలాలు, పచ్చిక బయళ్ళు మాత్రమే మీ చోటు అయితే ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మంచి మిషను సరిపోతుంది. టర్కీకి చెందిన నోక్టా సింప్లెక్స్, ఆస్ట్రేలియాకు చెందిన మైన్‌ల్యాబ్ ఎక్స్-టెర్రా ప్రో ఈ తరగతిలో నేను ధైర్యంగా చెప్పగలిగినవి. రెండింటిలోనూ నేలకు తగినట్టు సర్దుకునే గ్రౌండ్ బాలెన్స్ ఉంది, రెండూ నీళ్ళలో మునిగినా పాడుకావు. అమెరికా గ్యారెట్ ఏస్ వరుస చాలామందికి మొదటి మిషను అయింది, ఇప్పటికీ తేలిగ్గా నేర్చుకోవచ్చు, కానీ ఏస్ 300 లాంటి వాటిలో గ్రౌండ్ బాలెన్స్ కర్మాగారంలో అమర్చినదే, మనం మార్చలేం. ఖనిజం తక్కువున్న సఫోక్ లాంటి నేలలో అది పెద్ద లోపం కాదు. ఇనుప ఖనిజం ఎక్కువున్న ఎర్రనేలల్లో మాత్రం అలాంటి మిషను ఊరికే చిటపటలాడుతుంది.

సముద్రతీరం మీ చోటు అయితే లెక్క మొత్తం మారుతుంది. ఉప్పునీటితో తడిసిన ఇసుక స్వయంగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మిషను అక్కడ అలలతో పాటు అరుస్తుంది, ఆ అరుపు తగ్గించడానికి సెన్సిటివిటీ దించితే ఉన్న పదును కూడా పోతుంది. ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపి, వాటిలో ఉప్పు స్పందనను వేరుచేసి తీసివేసే మిషను తీరానికి అవసరం. మైన్‌ల్యాబ్ వాంక్విష్ వరుస ఈ సౌకర్యాన్ని తక్కువ ధరలోకి తెచ్చింది. అయితే ఆ వరుసలోని 340, 440, 540 మోడళ్ళలో కాయిల్ మాత్రమే నీటికి తట్టుకుంటుంది, తెర ఉన్న పెట్టె తట్టుకోదు, కనుక మోకాలు లోతు నీళ్ళలోకి దిగేవాళ్ళకు అవి వద్దు. ఇంకొంత పెట్టగలిగినవాళ్ళకు మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్, నోక్టా లెజెండ్ ఉన్నాయి. ఫ్రాన్స్‌వారి ఎక్స్‌పీ డీయస్ 2 ముప్పావు కిలో బరువుతో అద్భుతమైన పరికరం. కానీ దాని అమరికలలో సగం ఏమిటో అర్థం కావడానికి ముందుగా నేల శబ్దాలు చెవికి అలవాటు కావాలి, ఆ అలవాటు నాలుగో వంతు ధర మిషనుతోనూ వస్తుంది.

ఇప్పుడు తెర మీద కనిపించే అంకెల సంగతి. లోహపు వాహకత, పరిమాణం, మందం, ఆకారం అన్నీ కలిపి మిషను ఒక అంకె చెబుతుంది. మైన్‌ల్యాబ్ ఎక్స్-టెర్రా ప్రోలో అది రుణ 19 నుంచి 99 దాకా ఉంటుంది, సున్నాకు దిగువన ఎక్కువగా ఇనుము, పై చివర మందపాటి వెండి, రాగి. అంకె లోహం పేరు చెబుతుందని కొత్తవాళ్ళు నమ్ముతారు, అక్కడే దెబ్బ తింటారు. బంగారు ఉంగరం, కూల్‌డ్రింక్ డబ్బా మూతకు ఉండే అల్యూమినియం రింగు, చాక్లెట్ కాగితపు రేకు పలికే అంకెలు ఒకదాని మీద ఒకటి పడతాయి. డబ్బా రింగులు విసిగిస్తున్నాయని ఆ అంకెలను మిషనులో మూసేస్తే, అంటే పలకకుండా చేస్తే, వాటితో పాటు బంగారాన్నీ మూసేసినట్టే. ఇంగ్లండు పొలాల్లో ఇంకో చిక్కు ఉంది. 1279కి ముందు చిల్లర కోసం వెండి పెన్నీని కత్తిరించి సగాలుగా, పావులుగా వాడేవాళ్ళు. ఆ పావు ముక్క చిటికెనవేలి గోరంత, కాగితమంత పలచన. అది రేకు పలికే చోటే పలుకుతుంది. "చెత్త" అనుకున్న అంకెను మూసినవాడికి ఏడెనిమిది వందల ఏళ్ళ నాటి ఆ ముక్క ఎప్పటికీ కనిపించదు.

ఆకారం ఎంత ముఖ్యమో చూపించడానికి మన ఇళ్ళలోని నగలకన్నా మంచి పాఠం లేదు. సెలవు రోజున ఇంట్లో, చుట్టుపక్కల ఇనుప మంచాలు, మేకులు లేని చోట మిషనును చెక్క బల్ల మీద కదలకుండా పెట్టి, ఒక్కొక్క నగను కాయిల్ ముందు నుంచి అటూ ఇటూ ఊపి చూడండి. బంగారు గాజు దూరం నుంచే గట్టిగా, ఒకే అంకె మీద నిలకడగా పలుకుతుంది, ఎందుకంటే అది మూసి ఉన్న వలయం, సుడి ప్రవాహం దానిలో ఆటంకం లేకుండా చుట్టూ తిరుగుతుంది. గాజుకన్నా చాలా చిన్నదైనా అతుకు లేని వెండి ఉంగరం కూడా స్పష్టంగానే చెబుతుంది. వేలికి సరిపోయేలా నొక్కడానికి వీలుగా కొసలు విడిగా ఉండే మెట్టెను చూపిస్తే, అదే వెండి, దాదాపు అంతే బరువు అయినా అంకె చాలా కిందికి పడుతుంది, శబ్దం బలహీనమవుతుంది. వలయం తెగింది కాబట్టి ప్రవాహం తిరగడానికి దారి లేదు. ఇక సన్నని బంగారు గొలుసు అందరినీ ఆశ్చర్యపరుస్తుంది. ఎన్ని కాసులదైనా మిషనుకు అది ఒక్క వస్తువుగా కనిపించదు. విడివిడి లంకెలుగానే కనిపిస్తుంది, ఆ లంకెలు మరీ చిన్నవి, చాలాసార్లు కొక్కెం ఒక్కటే పలుకుతుంది. గొలుసుకు పుస్తెలు ఉంటే పుస్తెల బిళ్ళలు పలికి గొలుసును పట్టిస్తాయి. ముక్కుపుడకను కాయిల్‌కు ఆనించేదాకా ఏమీ వినిపించకపోవచ్చు. ఇదే వరుసలో మన రూపాయి బిళ్ళను కూడా పెట్టి చూడండి. అది అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలు, కనుక అంకె నిలకడగా ఉండక ఇనుము వైపు దూకుతుంది. ఈ ఒక్క పూట పరీక్ష ఏ ప్రకటనా చెప్పని సంగతులు చెబుతుంది. తీరంలో గొలుసు పోగొట్టుకున్న స్నేహితురాలికి వెతికిపెట్టడానికి వెళ్ళేటప్పుడు ఏ అంకెలను మూయకూడదో కూడా తెలుస్తుంది.

మొదటి రోజుల్లో అంకెను కాదు, శబ్దాన్ని నేర్చుకోవాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. రెండు వైపుల నుంచి ఊపినా ఒకేలా, గుండ్రంగా వినిపించే చిన్న శబ్దం తవ్వదగినది. ఒక వైపు పలికి మరో వైపు తెగిపోయేది తుప్పుపట్టిన మేకు అయ్యే అవకాశం ఎక్కువ. పెద్ద ఇనుపముక్క మాత్రం మంచి లోహంలా పలికి మోసం చేస్తుంది, అది కూడా కొన్నిసార్లు తవ్వి చూస్తేనే చెవికి పడుతుంది. కంపోస్టు పేరుతో పొలాల్లో చల్లే గ్రీన్ వేస్టులో కలిసి వచ్చే అల్యూమినియం తుంపులు ఇక్కడ మా అందరికీ పెద్ద బాధ. అలాంటి పొలంలో ఖరీదైన మిషను కూడా చేతులెత్తేస్తుంది, చిన్న కాయిల్ తగిలించి నెమ్మదిగా నడవడం ఒక్కటే దారి.

డబ్బు విషయానికొస్తే, మీ దగ్గర నాలుగు వందల పౌండ్లు ఉంటే అన్నీ మిషను మీద పెట్టవద్దు. సగం కాస్త అటూ ఇటూగా మిషనుకు, మిగతాది ఒక మంచి పిన్‌పాయింటరుకు, వంగని గట్టి పారకు, హెడ్‌ఫోన్స్‌కు, బీమా ఉన్న సంఘ సభ్యత్వానికి కేటాయించండి. పిన్‌పాయింటర్ అంటే గుంటలో దూర్చి వస్తువు ఏ పక్కన ఉందో చెప్పే కర్ర లాంటి చిన్న డిటెక్టర్. అది లేకపోతే మట్టిగడ్డలు చిదుముతూ పావుగంట పోతుంది, పార వస్తువుకే తగిలే ప్రమాదం కూడా ఉంది. గుంట చిన్నదిగా తవ్వి, గడ్డి పెళ్ళను తిరిగి యథాస్థానంలో నొక్కి వచ్చినవాడికే రైతు మళ్ళీ గేటు తీస్తాడు. బరువు చూడటం మరవకండి. కిలో ముప్పావు మిషను దుకాణంలో తేలిగ్గానే అనిపిస్తుంది, రెండు గంటలు ఊపాక భుజం చెబుతుంది. పేరున్న కంపెనీల మిషన్లకూ పిన్‌పాయింటర్లకూ నకిలీలు ఆన్‌లైన్‌లో తిరుగుతున్నాయి కనుక అధీకృత డీలరు దగ్గరే కొనండి. లేదా సంఘంలో ఎవరైనా పెద్ద మిషనుకు మారుతూ అమ్మే పాతదాన్ని వాళ్ళతో కలిసి పొలంలో వాడి చూసి తీసుకోండి.

ఇక ఇండియాకు వెళ్ళేటప్పుడు ఒకటి పట్టుకురమ్మని అడిగే బంధువుల విషయం. దీని మీద నా మాట కటువుగా ఉంటుంది: గుప్తనిధుల కోసమైతే వద్దు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ పాత గుళ్ళ గర్భాలయాలు, నంది విగ్రహాలు, కోట గోడలు ఈ ఆశతోనే పగిలిపోతున్నాయని పత్రికలు చదివే అందరికీ తెలుసు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన పది రూపాయల విలువ దాటినదేదైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, దాచితే జైలు శిక్ష ఉంది. నూరేళ్ళు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేని తవ్వకం నేరం. ఆపైన ఈ ఆశను సొమ్ము చేసుకునేవాళ్ళు ఉన్నారు. బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబులు అమ్మేవాళ్ళలాగే, చేతిలో కడ్డీలు తిరిగే "గోల్డ్ డిటెక్టర్" పట్టుకుని ఇరవై మీటర్ల లోతులోని బంగారం చూపిస్తామనేవాళ్ళు లక్షలు వసూలు చేస్తారు. ఆరో ఘాతం లెక్క గుర్తున్నవాళ్ళు ఆ మాట నమ్మలేరు. ఇదే కోవకు చెందిన ఏడీఈ 651 అనే కడ్డీ పరికరాన్ని బాంబులు కనిపెట్టేదని చెప్పి ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో లండన్ కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. అది అసలు గోల్ఫ్ బంతులు వెతికే చవక బొమ్మ నుంచి పుట్టింది. దాన్ని నమ్మిన తనిఖీ కేంద్రాల్లో ప్రాణాలు పోయాయి.

మరో రెండు సంగతులు మనవాళ్ళు తరచూ అడుగుతారు. తొలకరి పడగానే జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం వెతికే వజ్రాలను ఏ మెటల్ డిటెక్టరూ చూపించదు, వజ్రం విద్యుత్తును ప్రసరింపజేయదు. తుపానుల తర్వాత ఉప్పాడ తీరంలో ఏరే బంగారు రజను కూడా మామూలు మిషనుకు అందదు. అవి నలుసులు, పైగా మన తూర్పుతీరపు ఇసుకలో చాలాచోట్ల నల్లని ఇనుప ఖనిజపు రేణువులు కలిసి ఉంటాయి. నాట్లు వేస్తూ మడిలో జారిపోయిన చెవిదుద్దు కోసం, పెరట్లో పడిపోయిన ఉంగరం కోసం సొంత నేలలో వెతుక్కోవడానికైతే గ్రౌండ్ బాలెన్స్ చేసుకోగలిగి, చిన్న కాయిల్ దొరికే మిషను పనికొస్తుంది. మన ఎర్రనేలలోనూ నల్లరేగడిలోనూ ఇంగ్లండులో పలికినంత లోతు పలకదు, సెన్సిటివిటీ తగ్గించి, కాయిల్‌ను నేలకు దాదాపు ఆనించి, అడుగడుగునా ఒకదాని మీద ఒకటి పడేలా ఊపాలి. నగ పోయిన రోజునే, మడి దున్నకముందే వెతికితే అది ఇంకా పై నాలుగు వేళ్ళ మట్టిలోనే ఉంటుంది.